పదిహేను దినాల కాయితం

కల్మల రోడ్డు వెడల్పు చేయడానికి ఆ వేసవిలో రెండు పక్కలా చెట్లు కొట్టేయమని హుకుం అయింది. ఎవరో ముందుగా వచ్చి, కొట్టాల్సిన ప్రతి చెట్టు మొదలుకీ పసుపు రంగుతో అడ్డగీతలు గీసి పోయారు. ఆ గీతలుంటే చాలు, మారెప్ప నడుముకు తాడు చుట్టుకుని ధైర్యంగా పైకెక్కేవాడు. గీతల్లేని చెట్టు మీద గొడ్డలి పెట్టాడా, అయిపోయాడన్నమాటే. కొత్త చట్టం వచ్చి ఏడాది దాటింది. పట్టణంలో ఎవరి పెరట్లో చెట్టయినా సరే, వాళ్ళ తాత నాటిందయినా సరే, అటవీ ఆఫీసు కాయితం లేకుండా కొట్టకూడదు.

చట్టం మంచిదే, కాదని ఎవరంటారు? ఆ ఎండల్లో చెట్టు నీడ విలువ తెలియనివాడు లేడు. కాకపోతే అది వచ్చీ రాగానే పట్టుకున్నది సుంకప్పను. ఎవరో పిలిచి పని చెబితే వాళ్ళ పెరట్లో వేపచెట్టు కొట్టాడతను. పెరడు వాళ్ళది, చెట్టు వాళ్ళది, కట్టెలు వాళ్ళవి. పోయింది మాత్రం సుంకప్ప రంపం. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టి లాగే పెద్ద రంపాన్ని జప్తు చేసి పట్టుకుపోయారు. అప్పట్నుంచీ సుంకప్ప మారెప్ప రంపానికే రెండో కొస పట్టుకుని బతుకుతున్నాడు.

ఆ రోజు ఇద్దరూ ఒక చింత మొదట్లో చెరోపక్కా గొంతుక్కూర్చుని లాగుతున్నారు. పొట్టు కాళ్ళ మీద పడుతోంది.

"ఇన్ని చెట్లు పడగొట్టినవ్. నీ ఇంటి చెట్టు ఒకటి కొట్టుకోనీకి అర్జీ ఏందిరా నీకు?" అన్నాడు సుంకప్ప.

"నీ రంపం పోయినంక గూడ గట్లనే అంటవా?"

సుంకప్ప నాలుగు లాగుళ్ళు గట్టిగా లాగాడు. తర్వాత, "అర్జీ ఇచ్చి ఎన్ని దినాలాయె?" అని అడిగాడు.

"మా బిడ్డ ఉలిగెమ్మ పురుడు పోసుకున్ననాడే ఇచ్చొచ్చిన. ఏడు దినాలు."

మారెప్పది ఒకటే గది. మట్టిమిద్దె. దాని వెనక, గోడకు నాలుగడుగుల దూరంలో దిరిసెన చెట్టు ఉంది. కింద నిలబడి చూసేవాళ్ళకు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. మారెప్ప అలా చూడడు. గొడ్డలి తిరగేసి, మడమతో మొదలు నుంచి పైకి కొట్టుకుంటూ పోతాడు. మోకాలిదాకా గట్టిగా ఠక్కుమంటుంది. నడుము దగ్గరికొచ్చేసరికి బోలుగా పలుకుతుంది. లోపలంతా పురుగు తినేసింది. పైగా పోయిన గాలివానకు పడమటి పక్క నేల చీలి, ఆ సందులో చెయ్యి మణికట్టుదాకా దూరుతోంది. చెట్టు ఇంటి మీదికి వాలి ఉంది. పడితే ఇంటి మీదే పడుతుంది, మరో మాట లేదు. ఆ ఇంట్లో ఇప్పుడు ఏడు రోజుల పిల్లను పక్కలో వేసుకుని కూతురు పడుకుని ఉంది. రోజూ సాయంత్రమయ్యేసరికి దక్షిణాన మబ్బు పడుతోంది.

ఇరవైఒకటో రోజు నీళ్ళు పోసి పేరు పెట్టేదాకా బాలింత గడప దాటకూడదు. మారెప్ప పెళ్ళాం హనుమవ్వ ఆ మాట మీద రాయిలా కూర్చుంది. కాబట్టి ఉలిగెమ్మను కదిలించడానికి లేదు, కాయితం రాందే చెట్టును కదిలించడానికీ లేదు. మధ్యలో మారెప్ప ఉన్నాడు.

*

మర్నాడు ఆఫీసు సాహెబు వచ్చాడు. వస్తాడని మారెప్ప అనుకోలేదు. సన్నగా, ముఖం నిండా చెమటతో, సైకిలు దిగి చెట్టు చుట్టూ తిరిగాడు. వెంట బంట్రోతు దొడ్డప్ప తెల్లరంగు డబ్బా పట్టుకుని ఉన్నాడు. సాహెబు చెప్పగా చెట్టుకు ఇరవైమూడు నంబరు వేశాడు.

మారెప్ప గొడ్డలి మడమతో కొట్టి చూపించాడు. కింద ఒకసారి, నడుమెత్తున ఒకసారి. సాహెబు కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, మానుకు చెవి ఆనించి, "ఇన్నొమ్మె" అన్నాడు కన్నడంలో, ఇంకోసారి కొట్టమని. మారెప్ప కొట్టాడు. ఆఫీసువాళ్ళు చెట్టుకు చెవి పెట్టడం అతను ఎన్నడూ చూడలేదు. లోపలినుంచి చంటిపిల్ల కేరుమంది.

"యారు ఒళగ?" అన్నాడు సాహెబు, ఇంట్లో ఎవరని.

"బాణంతి ఉందిరి, నా మగళు," అన్నాడు మారెప్ప, తన కూతురు బాలింతని, సగం కన్నడం సగం తెలుగు కలిపి. ఆ ఊళ్ళో అందరూ అంతే. నోటికి మూడు భాషలు వస్తాయి, చేతికి ఒక్కటీ రాదు.

సాహెబు మిద్దె వంకా చెట్టు వంకా చూసి, "నోడోణ" అని సైకిలెక్కాడు.

హనుమవ్వ తలుపు చాటునుంచి బయటికొచ్చింది. "ఏమన్నడు?"

"చూద్దమన్నడు."

"చూద్దమన్నోడు ఎన్నడన్న చేసిండా? రేషన్ కార్డుకు గిట్లనే చూద్దమన్నరు. మూడేండ్లాయె, చూస్తనే ఉన్నరు."

మారెప్పకూ అదే అనిపించింది. ఒకవేళ చేస్తాడేమోనన్న ఆశ కూడా కాస్త పుట్టింది కానీ, దాన్ని పైకి అనడానికి సిగ్గుపడ్డాడు.

*

కాయితం ఆ మరుసటి రోజే వచ్చింది. మారెప్ప రోడ్డు పనిలో ఉన్నాడు. దొడ్డప్ప వాకిట్లో నిలబడి, హనుమవ్వ బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించుకుని, చేతిలో పెట్టి పోయాడట. ఏముందో అడుగుదామంటే లోపల పిల్ల నీళ్ళపళ్ళెంలో ఉంది. ఆమె అటు పరిగెత్తింది.

సాయంత్రం మారెప్ప ఆ కాయితం పట్టుకుని పక్కనున్న రైసుమిల్లుకు పోయాడు. అక్కడ కళ్ళంలో వడ్లు ఆరబెట్టించే యలమందయ్య కాలవ నీళ్ళు వచ్చిన కొత్తలో గుంటూరు వైపునుంచి వచ్చినవాడు. మంచి మనిషి. ఉలిగెమ్మ నొప్పులు పడుతున్నప్పుడు మంత్రసానిని మిల్లు బండి మీద తీసుకొచ్చింది ఆయనే. తెలుగు పత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా వదలకుండా చదువుతాడు. కన్నడం కూడా చదువుతాననేవాడు.

"కన్నడం అంటే ఏముందోయ్! మన అక్షరాలకే తలకట్టు కాస్త అటూ ఇటూ తిప్పారు," అనేవాడు. ఆయన కన్నడం నేర్చింది బడిలో కాదు, గోడల మీద. బస్టాండులో 'ఇల్లి ఉగుళబారదు', ఇక్కడ ఉమ్మకూడదని. సినిమాహాల్లో 'బీడీ సేదబారదు'. మిల్లు ప్రహరీ మీద 'భిత్తిపత్ర అంటిసబారదు', గోడపత్రికలు అంటించకూడదని. బజారుకు పోయినప్పుడల్లా పెళ్ళానికి అవన్నీ చదివి వినిపించేవాడు. సీతారావమ్మ మూతి తిప్పుకునేది.

యలమందయ్య చేతులు పంచెకు తుడుచుకుని కాయితం వెలుతురుకు పెట్టాడు. అచ్చువేసిన ఫారం, మధ్యలో చేత్తో రాసిన ముక్కలు, అడుగున గుండ్రటి ముద్ర. ముద్ర చివరి మాట మీదనే పడింది.

"నంబరు ఇరవైమూడు. నీ చెట్టే. ఆఁ... మరవన్ను... మరం అంటే చెట్టేగా?"

"ఆఁ, చెట్టే."

"పదిహేను అని అంకె వేశాడు. దినద... ఒళగె... కడియ... బ... బ..." ముద్రలోకి కళ్ళు చికిలించాడు. "బారదు. కడియబారదు!"

మారెప్పకు మళ్ళీ చెప్పనక్కర్లేకపోయింది. యలమందయ్యకు అక్షరాలు తెలుసు, మాటలు తెలియవు. మారెప్పకు మాటలు తెలుసు, అక్షరాలు తెలియవు. ఇద్దరూ కలిస్తే వాక్యం శుభ్రంగా వచ్చింది. పదిహేను దినాల లోపల కొట్టకూడదు.

"పదిహేను దినాలు ముట్టొద్దంటడా?"

"అంతేగా మరి! తర్వాత కొట్టుకోమనేగా దానర్థం. ఏ పైవాడికో రాసుకుంటారు కాబోలు. ఈలోగా గాలి ఆగుతుందా వీళ్ళకోసం? బుద్ధుండాలయ్యా!" అని యలమందయ్యకు నిజంగానే కోపమొచ్చింది. కాయితాన్ని మడిచి ఇస్తూ, "నువ్వు మాత్రం తొందరపడి గొడ్డలెత్తబోకు. రాసిచ్చాక కొడితే రంపంతో వదలరు, నిన్నే పట్టుకుపోతారు," అన్నాడు.

సీతారావమ్మ చేట పక్కన పెట్టి లేచొచ్చింది. "పిల్లనీ తల్లినీ మా షెడ్డులో పెట్టండి. ఓ వారగా దుప్పటి కడతాను. ఎన్నాళ్ళు, పదిహేను రోజులేగా?"

ఆ మాట ఇంటికొచ్చి చెబితే హనుమవ్వ చెంపలేసుకుంది. "వడ్ల రాసులున్న జాగల మైలతోని బాలింతను పండవెడ్తరా? లచ్మి ఉండే తావు. ఆయమ్మ మంచిదై అన్నది, మనకన్న తెలివుండొద్దా?"

"మరి ఏం జేద్దం? చెట్టు కింద పెట్టుకుని కూసుందమా?"

"గడప దాటొద్దంటున్న గద!"

"గడప మీద చెట్టు పడితే ఏ గడప దాటుతదే అది?"

హనుమవ్వ ఏడ్చింది. ఆ పూటే గాలి లేచి, దిరిసెన ఎండుకాయలన్నీ గలగలమని మిద్దె మీద రాలాయి. పడమటి పక్క నేల కిర్రుమన్నట్టు మారెప్పకు వినిపించింది. పడుకున్నచోటే ఉలిగెమ్మ పిల్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "నాయనా, నన్ను కల్మలకు తోలియ్యి. నాకు భయమైతుంది," అంది. అత్తగారి ఊరు అయితే పిల్లకు సొంతిల్లే, మైల అన్న మాట లేదు. హనుమవ్వ కళ్ళు తుడుచుకుని, పోతే పోదాం గానీ నేనూ వస్తానంది.

*

అల్లుడు బసవప్ప తెల్లవారుజామునే బండి కట్టుకొస్తానని కబురు పంపాడు. వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది. ఎద్దు కాలికి మేకు దిగిందట, తప్పు అతనిది కాదు. గడ్డి పరిచి, పైన బొంత వేసి, ఉలిగెమ్మను ఎక్కించారు. గడప దాటించేటప్పుడు హనుమవ్వ ఇనుపముక్క చేతిలో పెట్టి, వేపాకు తలకు చుట్టి, తనకు తెలిసిన దేవతలందరికీ దణ్ణం పెట్టింది.

ఊరు దాటాక బండి కల్మల రోడ్డెక్కింది.

రోజూ ఆ రోడ్డు మీదే ఉంటున్నాడు. కానీ చెట్టును చెట్టుగా చూస్తూ పని చేశాడు గానీ, రోడ్డును రోడ్డుగా చూడలేదు. ఇప్పుడు చూశాడు. రెండు పక్కలా మొద్దులు. మొద్దు తర్వాత మొద్దు. అన్నీ తను కోసినవే. ఒక్కో మొద్దును చూస్తే ఏ రోజు కోశాడో కూడా గుర్తొస్తోంది. కనుచూపు మేర బండి ఆపుకోవడానికి గొడుగంత నీడ లేదు. బండికి కట్టిన చీర ఎండను ఆపడం లేదు, వేడిని లోపల పట్టి ఉంచుతోంది.

నాలుగు మైళ్ళు పోయాక రోడ్డుకు అడ్డంగా చింత పడి ఉంది. సుంకప్ప ఇంకెవణ్ణో తోడు పెట్టుకుని కోస్తున్నాడు. పక్కకు దిగుదామంటే రెండు వైపులా తవ్విన కాలవ.

"ఎంతసేపురా?" అని అరిచాడు మారెప్ప.

"రెండు కోతలు ఉన్నయి."

మారెప్ప ఆ తోడువాణ్ణి లేపి తానే కూర్చున్నాడు. అంత వేగంగా అతను ఎన్నడూ రంపం లాగలేదు. ముదురు చింత, పళ్ళు పట్టుకుపోతున్నాయి. సుంకప్ప, "మెల్లగ రా, రంపం విరుగుతది," అంటే వినిపించుకోలేదు. బండిలో పిల్ల ఏడుస్తోంది. మొదటి కోత అయ్యేదాకా ఏడ్చింది. రెండో కోత సగంలో ఏడుపు ఆగిపోయింది. పడుకుందనుకున్నాడు. పడుకుందని తన మనసుకు గట్టిగా చెప్పుకుని లాగాడు.

కల్మల చేరేసరికి మిట్టమధ్యాహ్నం. పిల్ల ఒళ్ళు పెనంలా ఉంది. పెదాలు తెల్లగా ఎండిపోయాయి, రొమ్ము పట్టలేదు. తడిగుడ్డలు వేశారు. ఉల్లిగడ్డ దంచి అరికాళ్ళకు పూశారు. రెండో రోజు దవాఖానాకు పట్టుకుపోతే సూదివేసి పంపారు. మూడో రోజు పొద్దున హనుమవ్వ ఒళ్ళోనే పోయింది. ఇంకా పేరు పెట్టలేదు. పూడ్చేటప్పుడు ఏమని పిలిచి ఏడవాలో ఉలిగెమ్మకు తెలియలేదు. అమ్మా, అమ్మా అని ఏడ్చింది.

హనుమవ్వ ఇంటికి తిరిగొచ్చాక మారెప్పతో మాట్లాడటం మానేసింది. అన్నం పెడుతుంది, నీళ్ళు పెడుతుంది. ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకు చెబుతుంది. ఒక్కసారి మాత్రం గోడతోనే అంది, "గడప దాటొద్దని చెప్పిన. ఎవరన్న ఇన్నరా?"

తర్వాత రెండురోజులకు పెద్ద గాలి వచ్చింది. సాయంత్రం నాలుగ్గంటలప్పుడు ఎర్రగా దుమ్ము లేచి, మిల్లు మీద రెండు రేకులు ఎగిరిపోయాయి. హనుమవ్వ మిల్లుకు పోయింది, ఇల్లు ఖాళీగా ఉంది. మారెప్ప లోపలికి పోలేదు. పెరట్లో నిలబడి దిరిసెన వంక చూశాడు. పడు, అనుకున్నాడు. పడవే. ఇంటి మీద పడు, ఆ బాలింత మంచం వేసిన చోటే పడు. అప్పుడు నేను చేసింది తప్పు కాదని గోడతో మాట్లాడే ఆ మనిషికి తెలుస్తుంది. చెట్టు ఊగింది, మూలిగింది, ఒక ఎండుకొమ్మ రాల్చింది. గాలి తగ్గాక ఎప్పటిలాగే వాలి నిలబడే ఉంది. మారెప్ప కుళ్ళికుళ్ళి ఏడ్చాడు.

*

కాయితం వచ్చిన పదహారో రోజు పొద్దున్నే మారెప్ప తాడు తీసుకుని చెట్టెక్కాడు. వేళ్ళ మీద ఒకటికి నాలుగుసార్లు లెక్కపెట్టుకున్నాడు. ఇప్పుడు కొట్టి ఏం లాభమని ఎవరూ అడగలేదు, తనూ అడుక్కోలేదు. ఇంటి మీదికి వంగిన మొదటి కొమ్మకు తాడు కట్టి రెండు దెబ్బలు వేశాడో లేదో కింద సైకిలు గంట మోగింది. దొడ్డప్ప.

"ఏయ్ మారెప్పా! దిగు, దిగు! ఎవరు కొట్టమన్నరు?"

"పదిహేను దినాలు అయిపోయినయి గద!"

"అయిపోయినయనే దిగమంటున్న!"

మారెప్పకు అర్థం కాలేదు. దిగొచ్చి, రుమాలులోంచి కాయితం తీసి ఇచ్చాడు. దొడ్డప్ప మాట మాట కింద వేలు పెట్టి చదివాడు.

"మరవన్ను, హదినైదు దినద ఒళగె, కడియబహుదు. చూసినవా? నిన్నటికి ఖతం. నువ్వు కొట్టినవా లేదా చూసి రమ్మని తోలిండ్రు నన్ను."

"ఏమంటివి? ఆఖరు మాట."

"బహుదు. కడియబహుదు. కొట్టొచ్చు అని."

"బారదు కాదా?"

"బారదు ఏందయ్యా! బారదు అనేటట్టయితే కాయిదమే ఎందుకు? పదిహేను దినాల్ల కొట్టుకో అని రాసిండు." దొడ్డప్ప ముద్ర కింద అక్షరాన్ని గోటితో గీరి చూపించాడు. మారెప్ప ఆ అక్షరం వంక చూశాడు. అతనికి అది సిరా మరకలాగే ఉంది.

"సాహెబు ఆ దినమే సంతకం పెట్టిండు. ఇంట్ల బాణంతి ఉంది, జల్దీ ఇచ్చి రా అని ఎండల తరిమిండు నన్ను. నువ్వు కొట్టకుండ కూసుంటివి." దొడ్డప్ప గొంతు తగ్గించాడు. "ఆ రెండు దెబ్బలు నేను చూడలేదు, పో. మల్ల అర్జీ పెట్టుకో. ఆ సాహెబుకు బదిలీ అయింది, కొత్తాయన వచ్చినంక చూస్తడు. అప్పటిదాక ముట్టకు. బాణంతి మంచిగుందా?"

"ఉంది," అన్నాడు మారెప్ప.

దొడ్డప్ప వెళ్ళిపోయాడు. మారెప్ప కాయితం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సాహెబు చెవి పెట్టి విన్నాడు. విని, అదే రోజు రాశాడు. దొడ్డప్ప ఎండలో తెచ్చాడు. యలమందయ్య చేతులు తుడుచుకుని చదివాడు. ఎవరి మీద అరవాలో వెతికాడు. ఒక్క మనిషి దొరకలేదు.

హనుమవ్వ నల్లా దగ్గర్నుంచి బిందె నడుమున పెట్టుకుని వచ్చింది. సైకిలు పోవడం చూసినట్టుంది. బిందె దించకుండానే, ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి మొగుడి ముఖంలోకి చూసి, "ఏమంటడు?" అంది.

అప్పుడే ప్రహరీ అవతలినుంచి యలమందయ్య కూడా వచ్చాడు. చేతుల నిండా వడ్ల దుమ్ము. పిల్ల పోయినప్పటినుంచీ ఆయన రోజూ పొద్దున్నే ఒకసారి వచ్చి, కాసేపు కూర్చుని పోతున్నాడు.

"ఏమంటాడయ్యా ఆ బంట్రోతు? పదిహేను రోజులూ వెళ్ళిపోయాయిగా, ఇంకేం అడ్డం?"

మారెప్ప కాయితాన్ని ఉన్న మడతల మీదే నాలుగుగా మడిచాడు.

"ఇంక కొన్ని దినాలు బారదంట," అన్నాడు.

"దరిద్రపు ఆఫీసు! దరిద్రపు మనుషులు!" అన్నాడు యలమందయ్య. అరుగు మీద కూలబడి, తుండుగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. హనుమవ్వ బిందె దించి, చెట్టు వంక చూసి, మట్టి తీసి ఆఫీసున్న దిక్కుగా విసిరింది. తర్వాత చెంబుతో నీళ్ళు ముంచి, తెచ్చి, మొగుడి చేతికే ఇచ్చింది.

కాసేపయ్యాక యలమందయ్య తలెత్తాడు. ఆయన ముఖంలో ఏదో అనుమానం కదిలింది.

"నాకు రాత్రిళ్ళు నిద్దర పట్టడం లేదు మారెప్పా. ఆ ముద్ర కింద అక్షరం సరిగ్గా కనపడలేదు ఆ రోజు. నేను చదివింది సరిగ్గానే చదివాను కదా?"

మారెప్ప నీళ్ళు తాగి చెంబు కింద పెట్టాడు.

"సరిగ్గనే చదివినవన్నా," అన్నాడు. "నువ్వు చదివినట్లనే ఉంది."